పోల్కా అంటే రవిక కాదట! చార్డన్ కుర్రాళ్ళ బ్యాండు చూసొచ్చాక ఒక సందేహం

క్లీవ్‌ల్యాండ్_శీను · శనివారం రాత్రి 11:20

కాస్త పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. మొదటి వారం నయాగరా, రెండో వారం గుడి, ఆ తర్వాత నాన్నకి టీవీ, కిటికీ అవతల ఉడత, ఇవే కాలక్షేపం. ఇలాగే ఉంటే టికెట్ ముందుకి జరిపించుకుని వెళ్ళిపోతాడేమోనని భయమేసి, ముప్పావుగంట దూరంలో ఏదో ఊరి పండగ ఉందంటే ఇవాళ తీసుకెళ్ళాను. మన తిరునాళ్ళే అనుకోండి. జెయింట్ వీల్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఆవుల పోటీ. ఓ మూల షెడ్డు, అందులో స్టేజీ, స్టేజీ ముందు చెక్కలు పరిచిన ఖాళీ జాగా. పైన చార్డన్ పోల్కా బ్యాండు.

చార్డన్ క్లీవ్‌ల్యాండ్‌కి తూర్పున ఉన్న చిన్న ఊరు. మంచు విపరీతంగా పడుతుందనీ, మేపుల్ సిరప్‌కి పేరనీ తప్ప నాకూ తెలీదు. అక్కడ హైస్కూల్లో చదివే రోజుల్లో జేక్ కౌవే అనే అతను 2003లో మొదలుపెట్టాడట ఈ బ్యాండు. అకార్డియన్ అతనిదే, పాటా అతనిదే. ఇప్పుడు కుర్రాళ్ళు అనడం కాస్త ఎక్కువేమో గానీ, ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్ళని చూస్తే మా నాన్నే చిన్నోడిలా ఉన్నాడు.

మొదట రెండు పాత పోల్కాలు, అంటే జంటలుగా గెంతుతూ తిరిగే డాన్సు పాటలు, వాయించారు. ఎనభై ఏళ్ళ జంటలు లేచి గుండ్రంగా తిరుగుతుంటే మేం జనరేటర్ పక్కన నిలబడి చూస్తున్నాం. తర్వాత అందరికీ తెలిసిన ఒక రాక్ పాట ఎత్తుకున్నారు, అదే ఊం-పా ఊం-పా దరువు మీద. అంతే, ఎక్కడెక్కడి టీనేజీ పిల్లలూ వచ్చి పడ్డారు. నవ్వుతూ, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ.

నాన్న నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి. ఇవేం పట్టించుకోలేదు, అకార్డియన్ తిత్తి వంకే చూస్తున్నాడు. పాట అయ్యాక నాతో అన్న మాట: "ఇది మన పెట్టేరా. నిలబెట్టి భుజాలకి తగిలించుకున్నాడంతే."

నా సందేహం ఇది. ఇది సంప్రదాయాన్ని కొత్తవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడమా, లేక సంప్రదాయాన్ని జోకు చేసి అమ్ముకోవడమా? మా ఆఫీసులో పోల్కా అన్న మాట వింటేనే నవ్వుతారు. ముసలాళ్ళ పాటలు, బీరు పాటలు అంటారు. మీరేమంటారు?

మిర్చియార్డు · శనివారం రాత్రి 11:41

టైటిల్ చూసి చీరల థ్రెడ్ అనుకుని వచ్చా 😂 మా అమ్మమ్మకి పోల్కా అంటే రవికే. "ఆ పరికిణీ మీదకి ఎర్ర పోల్కా తొడుక్కోవే" అనేది మా అక్కని. మీరేమో అకార్డియన్ అంటున్నారు. పోలెండ్ వాళ్ళ డాన్సా ఇది?

యూక్లిడ్_మాష్టారు · ఆదివారం ఉదయం 7:05

మిర్చియార్డు గారూ, మీ ప్రశ్న జోకు కాదు. పోల్కా పోలెండ్‌ది కాదు, బొహీమియాది, అంటే ఇప్పటి చెక్ దేశం. 1830ల్లో పుట్టింది. చెక్ భాషలో 'పూల్కా' అంటే సగం, ఆ సగం అడుగు వేసే పద్ధతి నుంచే పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. 1840ల్లో పారిస్, లండన్ ఈ డాన్స్ పిచ్చిలో మునిగిపోయాయి. అప్పటి వ్యాపారులు ఊరుకుంటారా, దొరికిన ప్రతిదానికీ పోల్కా పేరు తగిలించారు. చుక్కల గుడ్డకి పోల్కా డాట్స్ అన్న పేరు ఆ పిచ్చిలోదే. ఆడవాళ్ళు తొడుక్కునే పొట్టి జాకెట్‌కి పోల్కా జాకెట్ అని పేరు. మీ అమ్మమ్మగారి పోల్కా అక్కణ్ణుంచే ఓడెక్కి వచ్చిందని నా అనుమానం. మరాఠీలోనూ పోల్కా అంటే రవికే మరి.

ఇక శీను సంగతి. నేను క్లీవ్‌ల్యాండ్ పక్కనే యూక్లిడ్‌లో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. మా పక్కింటాయన స్లొవేనియా సంతతి, గరాజ్‌లో రేడియో పెట్టుకుని పోల్కాలు వినేవాడు. మొదట్లో నాకు తలనొప్పి, తర్వాత అలవాటు, ఇప్పుడాయన లేడు గానీ గరాజ్ ముందునుంచి నడిస్తే ఏదో లోటుగా ఉంటుంది. పోల్కా హాల్ ఆఫ్ ఫేమ్ మా ఊళ్ళోనే ఉంది, తెలుసా? నాకు తెలిసిన తెలుగువాళ్ళలో అక్కడికి వెళ్ళింది నేనూ మా ఆవిడా, అదీ వర్షం పడి పార్కుకి వెళ్ళలేక.

అమెరికాలో పోల్కా ఒకటి కాదు. షికాగో వైపు పోలిష్ వాళ్ళది ఒక తీరు, మిన్నెసోటాలో జర్మన్ల 'డచ్‌మన్' తీరు, దానికి ట్యూబా ప్రాణం. టెక్సస్ చెక్ వాళ్ళది ఇంకోటి. క్లీవ్‌ల్యాండ్‌ది స్లొవేనియన్ తీరు. అకార్డియన్లు ముందుంటాయి, పక్కన సాక్సోఫోన్, బాంజో, బేస్, డ్రమ్స్. కాస్త నునుపుగా ఉంటుంది, మధ్యమధ్యలో వాల్ట్జ్‌లు వస్తాయి. దీనికి మహారాజు ఫ్రాంకీ యాంకోవిక్. 1915లో పుట్టాడు, పెరిగింది క్లీవ్‌ల్యాండ్ కాలిన్‌వుడ్‌లో. వాళ్ళ ఇంట్లో అద్దెకుండే కార్మికుల్లో ఒకాయన దగ్గర బటన్ పెట్టె (మెట్లకి బదులు బటన్లుండే అకార్డియన్) నేర్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో బల్జ్ పోరాటంలో చలికి చేతులూ కాళ్ళూ కొంకర్లు పోయాయి, తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఈయన ఒప్పుకోలేదు. ఆస్పత్రిలో అకార్డియన్ వాయిస్తూనే వేళ్ళు తిరిగి తెచ్చుకున్నాడని చెప్తారు. 1948లో మిల్వాకీలో పోటీ పెట్టి అమెరికా పోల్కా కింగ్ అని కిరీటం పెట్టారు.

మిర్చియార్డు · ఆదివారం ఉదయం 9:30

ఆ కామెడీ పేరడీలు పాడే వీర్డ్ ఆల్ యాంకోవిక్ ఆయన కొడుకా?

యూక్లిడ్_మాష్టారు · ఆదివారం ఉదయం 9:38

కాదండీ, చుట్టరికమే లేదు. ఇంటిపేరు కలిసింది, చేతిలో అకార్డియన్ కలిసింది. అందరూ పడే పొరపాటే.

వాయులీనం · ఆదివారం ఉదయం 10:15

శీనుగారి ప్రశ్నకి నా జవాబు సూటిగా: రాక్ పాటని పోల్కా దరువులో వాయించి పిల్లల్ని నవ్వించడం సంప్రదాయాన్ని తీసుకెళ్ళడం కాదు, దాని వేషం వేసుకోవడం. నేను పదిహేనేళ్ళుగా వయొలిన్ నేర్పిస్తున్నాను. "ఆంటీ, సినిమా పాట వాయించనా" అని అడగని పిల్లలు లేరు. ఒకసారి ఒప్పుకుంటే ఇక వర్ణం వైపు చూడరు, ఇది స్వానుభవం. జనం వచ్చారు అన్నది లెక్క కాదండీ. ఆ రాక్ పాట అయ్యాక ఆ పిల్లల్లో ఎంతమంది ఉన్నారు? అది చెప్పండి ముందు.

డెంటన్_డైరీ · ఆదివారం మధ్యాహ్నం 12:50

టెక్సస్ నుంచి హాయ్. మాస్టర్స్ డెంటన్‌లో చేశా. అక్కయ్యా, మీరన్న మాటే మా ఊరి బ్యాండు ఒకదాన్ని ఎప్పట్నుంచో అంటున్నారు. బ్రేవ్ కాంబో అని, 1979లో కార్ల్ ఫించ్ పెట్టాడు. పోల్కాని రాక్‌తో, సల్సాతో, దొరికిన ప్రతిదానితో కలిపారు. రెండుసార్లు పోల్కా గ్రామీ కొట్టారు. సింప్సన్స్ కార్టూన్లో కూడా వచ్చారు. నేను చూసినప్పుడు ముందు వరుసలో జుట్టుకి నీలం రంగేసుకున్న పిల్లలు, వాళ్ళ పక్కనే కౌబాయ్ టోపీ తాతలు. తాతలు పిల్లలకి అడుగు నేర్పిస్తున్నారు, దేవుడి తోడు.

అన్నట్టు డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళే దారిలో వెస్ట్ అనే ఊళ్ళో ఆగి కొలాచీలు తినని తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? (ఊరి పేరే వెస్ట్, పడమర కాదు.) ఆ బన్నులు తెచ్చింది చెక్ వాళ్ళే, పోల్కా తెచ్చిందీ వాళ్ళే. డాలస్‌కి కిందనే ఎనిస్‌లో మే చివర మెమోరియల్ డే వారాంతంలో పోల్కా ఫెస్టివల్ జరుగుతుంది. మన వాళ్ళం కార్లో పెట్రోలు కొట్టించుకుని, కొలాచీ తిని, వెనక మోగుతున్న పాటేంటో అడక్కుండా వచ్చేస్తాం.

వాయులీనం · ఆదివారం మధ్యాహ్నం 1:20

గ్రామీ అన్నారు కదా, ఆ గ్రామీయే పోల్కా విభాగాన్ని ఎత్తేసింది. అంత కొత్త ప్రేక్షకులు వచ్చి ఉంటే ఎందుకు ఎత్తేస్తారు?

యూక్లిడ్_మాష్టారు · ఆదివారం మధ్యాహ్నం 2:45

నిజమే, 2009లో ఎత్తేశారు. మొదటిది 1986లో ఇచ్చారు, అది ఫ్రాంకీకే. మొత్తం ఇరవై నాలుగు సార్లు ఇస్తే అందులో 18 సార్లు ఒక్క జిమ్మీ స్టర్‌కే వెళ్ళింది. పోటీ ఎంత పల్చగా ఉందో అర్థం చేసుకోండి. ఇంకో తమాషా, ఆ స్టర్ పోలిష్ కాదు, ఐరిష్ కుటుంబం. న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్లోరిడా అని ఓ పల్లె ఉంది, చుట్టూ ఉల్లి పండించే పోలిష్ రైతులు. వాళ్ళ పెళ్ళిళ్ళలో వింటూ పెరిగి ఆ పాటే పట్టుకున్నాడు.

కానీ మీ వేషం మాటకి ఒక్క జవాబు. ఫ్రాంకీకి దేశమంతా పేరు తెచ్చిన పాట 'జస్ట్ బికాజ్'. అది స్లొవేనియాది కాదు. అమెరికా దక్షిణాది కంట్రీ పాట, అప్పటికే రికార్డులొచ్చిన పాట. ఈయన దాన్ని పోల్కా చేశాడు. మిగతా పాటలకి స్లొవేనియన్ మాటలు తీసేసి ఇంగ్లీషు పెట్టాడు. ఆనాటి స్లొవేనియన్ హాళ్ళలో పెద్దవాళ్ళు దీన్ని చూసి ఏమనుకుని ఉంటారో మీరే ఊహించండి. ఇవాళ మనం సంప్రదాయం అంటున్నది ఆనాటి వేషమే.

కరీంనగర్_పోరడు · ఆదివారం సాయంత్రం 5:10

మాష్టారూ సూపర్ చెప్పిన్రు. కానీ నేను కొంచెం వాయులీనం అక్క సైడు. మా దగ్గర బతుకమ్మకి ఇప్పుడు డీజే బాక్సులు పెడుతున్నరు. మునుపు ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినోళ్ళు ఉయ్యాలో అని అందుకునేది, చప్పట్లే తాళం. ఇప్పుడు బాక్సు పాడుతది, వీళ్ళు చుట్టూ తిరుగుతరు. మా అమ్మకి ఇరవై పాటలు నోటికొచ్చు, మా చెల్లెకి రెండు రావు. జనం తగ్గలే, ఇంకా పెరిగిన్రు, గ్రౌండ్ పట్టనంత. కానీ పాట ఎవరి నోట్లోనూ లేదు. అందుకే జనం వచ్చిన్రు అంటే నాకు ఖుషీ కాదు, టెన్షన్.

మరి మీ చార్డన్ బ్యాండు బాక్సు లాంటిదా, పాట ఎత్తుకునే ఆమె లాంటిదా? అది జెప్పుండ్రి.

క్లీవ్‌ల్యాండ్_శీను · ఆదివారం రాత్రి 9:02

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. పోరడు బ్రో ప్రశ్న నా ప్రశ్న కన్నా బాగుంది. నిన్న చూసింది మళ్ళీ గుర్తు చేసుకుని చెప్తున్నా.

వాయులీనం గారూ, మీరడిగారు కదా, రాక్ పాట అయ్యాక ఎంతమంది ఉన్నారని. లెక్కపెట్టలేదు గానీ సగం మంది వెళ్ళిపోయారు. ఆ పాట ఫోన్లో తీసుకోవడానికే వచ్చినట్టున్నారు. మిగిలిన సగం ఎందుకు ఆగారంటే, ఆ మూడు నిమిషాల్లో వాళ్ళకి అడుగు పట్టుబడింది. గెంతు, అడుగు, దగ్గరికి, అడుగు. అంతే ఉంది అందులో. అది వచ్చాక తర్వాతది ఎవరికీ తెలియని స్లొవేనియన్ పాట అయినా వాళ్ళకి ఫరక్ పడలేదు. కాళ్ళకి పాట పేరుతో పనేంటి! ఒక పిల్లాడు వాళ్ళ నాయనమ్మ వయసామెతో తిరుగుతున్నాడు, ఆమె చుట్టరికం కూడా కాదనుకుంటా, పాట అయ్యాక పేర్లు చెప్పుకున్నారు.

అందుకే బాక్సు కాదనిపిస్తోంది నాకు. బాక్సు ముందు చేసేదేం లేదు, చూడ్డమే. ఇక్కడ దిగాల్సొచ్చింది. నేను దిగలేదు లెండి, జనరేటర్ పక్కనే ఉన్నా 😅

సన్నాయి_ఇంటి_అబ్బాయి · ఆదివారం రాత్రి 10:30

ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఈ థ్రెడ్డు రాయించింది. మాది రాజమండ్రి దగ్గర. తాత సన్నాయి, నాన్న సన్నాయి, బాబాయి పెళ్ళి బ్యాండులో క్లారినెట్. నేను సాఫ్ట్‌వేర్.

కళ, సంప్రదాయం అన్నీ బాగానే ఉన్నాయి గానీ పొట్టకూటి సంగతి ఎవరూ ఎత్తరేం? మా నాన్న ముహూర్తాలున్న నెలల్లో సంపాదించింది మూఢంలో తినాలి. కల్యాణ మంటపంలో మేళం మోగుతుంటే గట్టిమేళం నిమిషం తప్ప ఎవరూ తలెత్తి చూడరు. రాత్రి పూట ఊరేగింపులో బాబాయి బ్యాండు ఏం వాయిస్తే డబ్బులు పడతాయి? సినిమా పాట. ఒకసారి పెద్దింటి పెళ్ళిలో బాబాయి ముచ్చటపడి ఒక కీర్తన ఎత్తుకుంటే పెళ్ళికొడుకు స్నేహితుడొకడు వచ్చి చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి బాబాయి అన్నం తినలేదు, క్లారినెట్ తుడిచి పెట్టెలో పెట్టి పడుకున్నాడు.

కాబట్టి ఆ కుర్రాళ్ళు రాక్ పాట వాయిస్తే నాకు తప్పు కనబడదు. అది వాళ్ళకి ఆ తర్వాతి రెండు పోల్కాలు కొనిపెడుతుంది. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే, వాళ్ళకి సీజన్ ఎప్పుడు?

యూక్లిడ్_మాష్టారు · సోమవారం ఉదయం 6:50

బాబూ, నీ బాబాయి సంగతి చదివి కాసేపు ఏం రాయలేకపోయాను.

సీజన్ అంటే, సెప్టెంబరు అక్టోబరు ఆక్టోబర్‌ఫెస్ట్‌లు వాళ్ళకి మన మాఘమాసం. ఆ రెండు నెలలు ఒక్క శనివారం ఖాళీ దొరకదు. ఎండాకాలం ఫెయిర్లు, చర్చి జాతరలు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో శుక్రవారం శుక్రవారం చర్చిల్లో చేపల వేపుడు భోజనాలు ఉంటాయి, అక్కడ కొన్నిచోట్ల పాట ఉంటుంది. థాంక్స్‌గివింగ్ వారాంతానికి క్లీవ్‌ల్యాండ్‌లో పెద్ద పోల్కా పార్టీ పెడతారు, ఎక్కడెక్కడి బ్యాండ్లో వస్తాయి. ఇవి కాక పెళ్ళిళ్ళు, వృద్ధాశ్రమాలు. చార్డన్ వాళ్ళ మీద 2015లో రీల్జ్ ఛానల్లో 'పోల్కా కింగ్స్' అని రియాలిటీ షో కూడా వచ్చింది. టీవీలో కనబడితే ఫెయిర్ కమిటీ వాళ్ళకి పేరు గుర్తుంటుంది, అది కూడా పొట్టకూటి లెక్కే.

ఇంకోటి ఈస్టర్ మర్నాడు సోమవారం, డింగస్ డే. పోలిష్ వాళ్ళ పండగ. మగపిల్లలు ఆడపిల్లల మీద నీళ్ళు చల్లడం, వాళ్ళు తిరిగి చల్లడం. మన పెళ్ళిళ్ళలో బావామరదళ్ళు వసంతాలు పోసుకున్నట్టు. బఫెలోలో ఇది అన్నిటికన్నా పెద్దగా చేస్తారు. క్లీవ్‌ల్యాండ్‌లో 2011 నుంచి వెస్ట్ సైడ్ వీధుల్లో చేస్తున్నారు. ఇరవై ముప్పై ఏళ్ళ వాళ్ళే ఎక్కువ, ఎర్ర చొక్కాలు, వీధిలో అకార్డియన్లు.

వాయులీనం · సోమవారం ఉదయం 8:15

ఈస్టర్ అంటే మన త్యాగరాజ ఆరాధన కూడా ఆ రోజుల్లోనే కదా! 1978 నుంచి క్లీవ్‌ల్యాండ్‌లో జరుగుతోంది, నేను ఏటా పిల్లల్ని తీసుకుని వస్తాను. అక్కడ హాల్లో పంచరత్నాలు మోగుతుంటే అదే ఊళ్ళో ఇంకో మూల ఈ నీళ్ళ గోల అన్నమాట. ఇన్నేళ్ళలో నాకెవ్వరూ చెప్పలేదు.

సన్నాయి ఇంటి అబ్బాయి రాసింది చదివాక నా మాట కొంచెం మెత్తబడింది, ఒప్పుకుంటున్నాను. కానీ పూర్తిగా కాదు. ఆరాధనలో త్యాగరాజ కృతిని ఎవరూ రాక్ చేసి పిల్లల్ని రప్పించడం లేదు. అయినా పిల్లలు వస్తున్నారు, పోటీల్లో పాడుతున్నారు.

బెల్లోస్_బాబాయ్ · సోమవారం మధ్యాహ్నం 12:05

అమ్మా వాయులీనం, గౌరవంతోనే ఒక మాట. మీ చేతిలో ఉన్న వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి మద్రాసులో దొరల సంగీతకారుడి దగ్గర నేర్చుకుంటే కదా మనకొచ్చింది. ఆ ముత్తుస్వామి దీక్షితారే సెయింట్ జార్జి కోటలో దొరల బ్యాండు వాయించే వరసలు పట్టుకుని వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు, నోట్టుస్వరాలు. ఇప్పుడు చిన్నపిల్లలకి మొదట్లో నేర్పేవి అవే కదా. 'సంతతం పాహిమాం' ఇంగ్లాండు రాజుగారి గీతం వరసే. మరి ఆయన్ని వేషం అంటామా?

ఇంకోటి. ఆరాధనలో జనం ఎందుకు వస్తారంటే పంచరత్నాలప్పుడు వచ్చినవాళ్ళంతా గొంతు కలుపుతారు. పాడేవాళ్ళు వేరు, వినేవాళ్ళు వేరు అన్న గీత ఆ పూటకి చెరిగిపోతుంది. శీను చెప్పిన చెక్క పలకల మీద జరిగింది కూడా అదే అని నాకనిపించింది.

నా కథ చెప్తా, నవ్వకండి. యాభై రెండేళ్ళ వయసులో అకార్డియన్ మొదలెట్టాను. సెకండ్ హ్యాండ్‌ది, పదికిలోల పైమాటే, అరగంట నిలబడితే నడుం పట్టేస్తుంది. కుడి చేతికి 41 మెట్లు, అది హార్మోనియం వచ్చినవాళ్ళకి తేలికే. ఎడమ చెయ్యే చంపుతుంది, 120 బటన్లు, ఒక్కటీ కంటికి కనబడదు. సి బటన్ మీద చిన్న గుంట ఉంటుంది, చీకట్లో స్విచ్చి వెతుక్కున్నట్టు దాన్ని తడుముకుని మిగతావి లెక్కపెట్టుకోవాలి. ఊం అంటే కింద బేస్ బటన్, పా అంటే దాని పక్క వరసలో కార్డ్ బటన్. ఇదొక్కటి ఆగకుండా నాలుగు నిమిషాలు వాయించడానికి నాకు ఏడాది పట్టింది. స్లొవేనియా వాళ్ళ బటన్ పెట్టె ఇంకా ఘోరం. మౌత్ ఆర్గాన్ లాగ తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకోటి. ఆ కుర్రాడు అది వాయిస్తూ పాడుతూ జోకులేస్తున్నాడంటే వేషం అనడానికి నాకు నోరు రాదు.

శీనూ, మీ నాన్నగారన్నది అక్షరాలా నిజం. రెండింటిలోనూ గాలికి కంపించే రేకులే. 1829లో వియన్నాలో డెమియన్ అకార్డియన్‌కి పేటెంట్ తీసుకున్నాడు, 1840ల్లో పారిస్‌లో హార్మోనియం వచ్చింది. ఒకే కాన్పు కాదుగానీ ఒకే ఇంటి పిల్లలు.

క్లీవ్‌ల్యాండ్_శీను · సోమవారం రాత్రి 8:40

బాబాయ్ గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఎడమచెయ్యి దగ్గర రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత గ్రామీ ఎత్తేసిన సంగతి చెప్తే పెద్దగా నవ్వి, "మా పెట్టెని రేడియోలోంచి ముప్పై ఏళ్ళు వెలేశార్రా, మేం చచ్చిపోయామా?" అన్నాడు. నిజమే, ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా రానివ్వలేదు. గమకం పలకదని, దేశీ వాయిద్యం కాదని. ఆ ముప్పై ఏళ్ళూ ఊళ్ళలో నాటకం ఆడిన ప్రతి పందిట్లో అదే మోగింది. రేడియో వాళ్ళకి వద్దుగానీ జనానికి కావాలి కదా.

వాయులీనం · సోమవారం రాత్రి 9:25

బాబాయ్ గారు నోట్టుస్వరాలతో నా నోరు మూయించారు 🙂 దీక్షితార్ మాట కాదనలేను. ఒక్కటి మాత్రం వదలను: ఆయన నవ్వించడానికి కట్టలేదు. ఈ కుర్రాళ్ళ పాటలో నవ్వు ముందు, పాట వెనక ఉంటుందేమోనని నా భయం. నవ్వు పాతబడ్డాక ఏం మిగులుతుంది?

డెంటన్_డైరీ · సోమవారం రాత్రి 9:50

అక్కయ్యా, మీరు బీర్ బ్యారెల్ పోల్కా వినుంటారు, పేరు తెలియకపోయినా. 1927లో వేవోడా అనే చెక్ ఆయన కట్టాడు. చెక్‌లో దానికి పెట్టిన మాటలు ప్రేమలో మోసపోయిన బాధ గురించి. ఇంగ్లీషుకి వచ్చేసరికి పీపా దొర్లించండ్రా అని తాగుడు పాట అయింది. ఇప్పుడు మిల్వాకీ బేస్‌బాల్ ఆటలో మధ్యలో స్టేడియమంతా లేచి పాడతారు. ఏడుపు పోయి నవ్వు మిగిలింది. అంటే పోల్కాలో నవ్వు ఈ కుర్రాళ్ళు తెచ్చింది కాదు.

కరీంనగర్_పోరడు · సోమవారం రాత్రి 10:15

గట్లంటే మా డీజే బతుకమ్మ కూడా యాభై ఏండ్లకి సంప్రదాయం అయితదా? నాకైతే దిల్ ఒప్పుకోదు. కిన్నెర మొగిలయ్యకి 2022ల పద్మశ్రీ వచ్చింది, అందరం స్టేటస్ పెట్టినం. కిన్నెర నేర్చుకుంట అని ఆయన దగ్గరికి ఎంతమంది పోయిన్రు మరి? చార్డన్ పిల్లలు పెట్టె నేర్చుకున్నరు, అదీ ముఖ్యం. పాట మార్చినా పర్వాలేదు, పెట్టె చేతిల ఉంది.

సన్నాయి_ఇంటి_అబ్బాయి · సోమవారం రాత్రి 10:40

పోరడు అన్నా, నన్నే అన్నట్టుంది. నాన్న సన్నాయి ఇంట్లో బీరువా మీద గుడ్డలో చుట్టి ఉంది. నేనొక్కసారి కూడా ఊదలేదు.

కరీంనగర్_పోరడు · సోమవారం రాత్రి 10:44

నిన్ను కాదు తమ్మీ, నన్నే అనుకున్న. మా అమ్మ ఇరవై పాటలు ఇంకా రికార్డ్ చెయ్యలే నేను.

మోడ్ · మంగళవారం ఉదయం 7:30

థ్రెడ్డు బాగుంది, పిన్ చేస్తున్నా. ఒకళ్ళిద్దరు పాటల లింకులు పెట్టారు, పైరసీవి కాబట్టి తీసేశాను, ఏమనుకోకండి.

క్లీవ్‌ల్యాండ్_శీను · శనివారం రాత్రి 10:55

వారం తర్వాత అప్‌డేట్. ఇవాళ నాన్నే అడిగాడు, ఆ పెట్టె కుర్రాళ్ళు మళ్ళీ ఎక్కడ వాయిస్తున్నారని. వాళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నారు, దగ్గర్లో ఇంకో చిన్న బ్యాండు దొరికింది, ఇద్దరు అన్నదమ్ములూ వాళ్ళ మామయ్యా. స్లొవేనియన్ హాలు, నలభై మంది ఉంటారేమో. విరామంలో నాన్న నేరుగా వెళ్ళి అకార్డియన్ దగ్గర నిలబడ్డాడు. ఇంగ్లీషు రాదు. కుడి చేత్తో గాల్లో మెట్లు వాయించి చూపించాడు. ఆ అబ్బాయికి ఏం అర్థమైందో పట్టీలు విప్పి నాన్న ఒళ్ళో పెట్టాడు, తిత్తి తనే పట్టుకున్నాడు. నాన్న వాయించింది ఏంటనుకున్నారు, నాటకం మొదట్లో వాయించే ప్రార్థన. రెండు వరసలు. ఎడమచేతి వైపు వెళ్ళనే లేదు. డ్రమ్స్ అతను నెమ్మదిగా ఊం-పా కలిపాడు. నాన్న తలెత్తి చూసి, తాళం తప్పు అన్నట్టు వేలితో సైగ చేసి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. అతను ఈసారి సరిగ్గా పట్టాడు.

నేను వీడియో తీయడం మర్చిపోయాను. అమ్మ తిడుతోంది.

బెల్లోస్_బాబాయ్ · శనివారం రాత్రి 11:10

వీడియో లేకపోతే పోయింది గానీ, ఏ రాగం అది?

క్లీవ్‌ల్యాండ్_శీను · శనివారం రాత్రి 11:14

నాన్న పడుకున్నాడు, రేపు అడిగి చెప్తా. అన్నట్టు ఆ హాల్లో వచ్చే నెల మళ్ళీ ఉందట. క్లీవ్‌ల్యాండ్ చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా వస్తారా? నా కార్లో ఇద్దరికి చోటుంది. వెజ్ వాళ్ళకి పియరోగీలు ఉంటాయి, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, తీపి ఉండదు.

యూక్లిడ్_మాష్టారు · ఆదివారం ఉదయం 6:40

నేనూ మా ఆవిడా వస్తాం. కారు మాదే తెస్తాం.

వాయులీనం · ఆదివారం ఉదయం 9:05

మాకు నాలుగు గంటల డ్రైవు. అయినా రావాలనుంది. పియరోగీలో ఉల్లిపాయ ఉంటుందా? మా అత్తగారు కూడా వస్తానంటున్నారు.